వద్దు అనడం కూడా నేర్చుకోవాలా? ఔట్‌పేషెంట్ చికిత్సలో ఉన్నవారు, వారి ఇంట్లోవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్పత్రిలో చేరకుండా, ఇంట్లో ఉంటూనే తాగుడుకో గంజాయికో హెరాయిన్‌కో మత్తు మాత్రలకో చికిత్స తీసుకుంటున్నవారు, అందులో భాగంగా నేర్పే సోషల్ స్కిల్స్ శిక్షణ (మనుషులతో మాట్లాడే, వద్దనే నేర్పు) గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఒక సంగతి ముందే చెప్పాలి. తెలుగులో గ్లాసులో పోసుకునేదీ మందే, డాక్టర్ రాసేదీ మందే. ఈ చిక్కు వల్ల కౌన్సెలింగ్ గదిలో నవ్వులూ పుడతాయి, అపార్థాలూ పుడతాయి. ఇక్కడ మందులు అన్నచోటల్లా డాక్టర్ రాసేవనే అర్థం.

ఔట్‌పేషెంట్ చికిత్స అంటే ఏమిటి? నాకు అది సరిపోతుందా?

వారంలో కొన్ని గంటలు వచ్చి డాక్టర్‌నీ కౌన్సెలర్‌నీ కలవడం, గ్రూపులో కూర్చోవడం, తిరిగి ఇంటికి వెళ్లిపోవడం. కొందరికి వారానికి ఒక గంట చాలు. ఇంటెన్సివ్ ఔట్‌పేషెంట్ అనే పద్ధతిలో పెద్దవాళ్లకు వారానికి 9 గంటలు, ఆపైన ఉంటుంది. ఉద్యోగం, ఇల్లు, ఫోను, స్నేహితులు అన్నీ ఎక్కడివి అక్కడే ఉంటాయి. ఈ చికిత్సకు బలం అదే, ఇబ్బందీ అదే.

మీకు సరిపోతుందో లేదో డాక్టర్ తేల్చాలి. ఒక్క విషయంలో మాత్రం సొంత నిర్ణయం అస్సలు వద్దు. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగుతున్నవారు, బెంజోడయాజెపైన్ రకం నిద్రమాత్రలు నెలల తరబడి వేసుకుంటున్నవారు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. తాగుడు ఆపినవారిలో ఫిట్స్ ఎక్కువగా తొలి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి ఒళ్లంతా వణుకు, జ్వరం, లేనివి కనిపించడం, ఎక్కడున్నారో తెలియకపోవడం మొదలవుతాయి. దాన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటారు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంతకుముందు ఆపినప్పుడు ఇలాంటిది ఒక్కసారి జరిగినా డాక్టర్‌కి ముందుగానే చెప్పండి.

తాగుడు మానడానికి వచ్చాను. మాట్లాడటం నేర్పుతాం అంటున్నారేంటి?

చాలామంది మొదటి సెషన్‌లో కాస్త చిరాగ్గానే అడుగుతారు ఈ మాట. న్యాయమైన ప్రశ్నే.

మానేసినవాళ్లు మళ్లీ ఎప్పుడు మొదలుపెడుతున్నారు అని అలన్ మార్లట్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన సహచరులు వెతికారు. తాగుడు, సిగరెట్, హెరాయిన్, జూదం, అతిగా తినడం వంటి అలవాట్లలో 311 సందర్భాలు తీసుకుని, ఆ క్షణంలో ఏం జరుగుతోందో చూశారు. 1980లో వచ్చిన ఆ లెక్క ప్రకారం దిగులు, విసుగు, కోపం వంటి మనసు బాగోలేని స్థితి వల్ల జారినవి 35 శాతం. ఎవరితోనో గొడవపడి జారినవి 16 శాతం. ఎవరో బలవంతపెట్టడం వల్లో, పక్కన అందరూ తీసుకుంటుండటం వల్లో జారినవి 20 శాతం. చివరి రెండూ కలిపితే 36 శాతం. అంటే మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషికి చెప్పాల్సిన మాట వీళ్ల దగ్గర సిద్ధంగా లేదు. మిగతావాటిలో కూడా ఆ దిగులూ కోపమూ ఎక్కడి నుంచి వచ్చాయని తవ్వితే చాలాసార్లు ఏదో ఒక మనిషే తేలతాడని నా అనుభవం.

ఇంకో ఆధారం రోగనిర్ధారణలోనే ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013 నుంచి వాడుతున్న డీఎస్ఎం-5 అనే రోగనిర్ధారణ పుస్తకంలో మత్తు జబ్బును గుర్తించడానికి 11 లక్షణాలు ఇచ్చారు. అందులో మూడు నేరుగా మనుషులతో ముడిపడినవే: ఇంట్లో, పనిలో, చదువులో చేయాల్సినవి చేయలేకపోవడం, సంబంధాలు చెడుతున్నా వాడకం ఆపకపోవడం, ఒకప్పుడు ఇష్టపడిన పనులు, కలిసే మనుషులు దూరమైపోవడం.

'వీడికి పట్టుదల లేదు' అని ఇంట్లో అందరూ తీర్పు చెప్పేసిన మనిషిని కూర్చోబెట్టి, ఆ రోజు ఏం జరిగిందో నిమిషం నిమిషం చెప్పించండి. పట్టుదల ఉంది. ఆ రోజు ఇంట్లోంచి బయలుదేరినప్పుడూ ఉంది. అరగంట తర్వాత స్నేహితుడు భుజం మీద చెయ్యి వేసినప్పుడు నోటికి అందాల్సిన వాక్యం మాత్రం అందలేదు. ఆ వాక్యాన్ని ముందే తయారుచేసి నోటికి అలవాటు చేయడమే సోషల్ స్కిల్స్ శిక్షణలో పెద్ద భాగం.

నేను బాగా మాట్లాడతాను. నలుగురు కూర్చుంటే నవ్వించేది నేనే. నాకెందుకు ఇది?

నవ్వించడం వేరు, నిజంగా కావాల్సింది అడగడం వేరు. మాటకారులైన చాలామందికి మూడు పనులు కష్టంగా ఉంటాయి. తమ మీద వచ్చిన ఫిర్యాదును పూర్తిగా వినడం, సాయం అడగడం, ఇష్టం లేని పనికి వెంటనే కుదరదని చెప్పడం.

ఇంకో ప్రశ్న మీకు మీరే వేసుకోండి: ఆ నవ్వించడం తాగకుండా ఎప్పుడైనా చేశారా? పదహారేళ్లప్పుడే మొదలుపెట్టినవారికి స్నేహం చేయడం, గొడవ సర్దుకోవడం, ఇష్టాన్ని చెప్పడం అన్నీ మత్తులోనే అలవాటయ్యాయి. మానేశాక అవే పనులు మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది, నలభై ఏళ్ల వయసులో. ఇబ్బందిగానే ఉంటుంది.

తాగితేనే ధైర్యం వస్తుంది, మాట వస్తుంది. అది నిజం కాదా?

సగం నిజం. ఆల్కహాల్ కాసేపు ఆందోళన తగ్గిస్తుంది. మిగతా సగం మన నమ్మకం. 1977లో టెరెన్స్ విల్సన్, డేవిడ్ ఆబ్రమ్స్ ఒక ప్రయోగం చేశారు. కొందరు మగవాళ్లకు వోడ్కా కలిపిన టానిక్, మరికొందరికి ఉత్త టానిక్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చామన్నది సగంమందికి తప్పుగా చెప్పారు. తర్వాత పరిచయం లేని అమ్మాయితో మాట్లాడించి గుండె కొట్టుకునే వేగం చూశారు. వోడ్కా తాగామని నమ్మినవాళ్ల గుండె వేగం తక్కువగా పెరిగింది, గ్లాసులో నిజంగా ఏమున్నా సరే. ఉత్త టానిక్ తాగి ధైర్యం తెచ్చుకున్నవాళ్ల ధైర్యం ఎవరిదంటారు?

'వద్దు' ఎలా చెప్పాలి?

ఈ ఒక్క ప్రశ్నకే రెండు మూడు సెషన్లు పడుతుంది, ఇక్కడ కూడా కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు మన మాటల సంగతి చూద్దాం. తెలుగులో 'వద్దు' వేరు, 'వద్దులే' వేరు. ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటిసారి వద్దులే అనడం, మూడోసారి బతిమాలాక తీసుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ వచ్చిన మర్యాద. అందుకే 'వద్దులే' అనగానే ఎదుటివాడు దాన్ని 'ఇంకోసారి అడుగు' అని వింటాడు. తప్పు అతనిదీ కాదు. అలాగే 'ఇవాళ్టికి వద్దు' అంటే రేపు అడగమని. 'చూద్దాం' అంటే ఒప్పుకున్నట్టే. 'ఒంట్లో బాగోలేదు' అంటే బాగయ్యాక తాగుతానని మాటిచ్చినట్టు. ఈ నాలుగు మాటలూ మొహమాటం నుంచి వస్తాయి, నాలుగూ తలుపు ఓరగా తెరిచి పెడతాయి.

పీటర్ మోంటి, రొనాల్డ్ కాడెన్ వంటివారు 1980ల నుంచి రూపొందించిన శిక్షణలో నిరాకరించే పద్ధతి ఇంచుమించు ఇలా ఉంటుంది. మొదటి మాట 'వద్దు' అయి ఉండాలి. ఆలోచిస్తున్నట్టు ఆగకూడదు. కళ్లలోకి చూస్తూ, గొంతు తగ్గించకుండా చెప్పాలి. కారణాల జాబితా చదవకూడదు, ఎందుకంటే ఇచ్చిన ప్రతి కారణానికీ అవతల ఒక జవాబు ఉంటుంది. వీలైతే ఇంకో పని చెప్పాలి, నడిచొద్దాం పద అనో, ఇంకేదైనా తాగుదాం అనో. అయినా వదలకపోతే ఇక అడగొద్దని నేరుగా చెప్పాలి. తర్వాత మాట మార్చాలి, లేదా అక్కడి నుంచి లేవాలి.

ఉదాహరణకు ఇద్దరు చిన్ననాటి స్నేహితులు:

"ఏరా, కూర్చో. ఒక్కటే."
"వద్దురా. మానేశాను."
"ఇవాళ ఒక్కరోజుకి ఏం కాదులే."
"నాకు ఒక్కటి ఒక్కటితో ఆగదని నీకు తెలుసుగా. వద్దు."
"అబ్బో, పెద్దమనిషైపోయాడండీ!"
"ఏమన్నా అనుకో, ఇంకోసారి మాత్రం అడగకు. అది సరే, మీ తమ్ముడి ఉద్యోగం ఏమైంది?"

మూడో జవాబు చూడండి. అతను వెటకారానికి సమాధానం చెప్పలేదు. వెటకారానికి జవాబివ్వబోతే సంభాషణ మళ్లీ తాగుడు చుట్టూ తిరుగుతుంది. ఇది చదువుతుంటే తేలిగ్గానే ఉంటుంది. గట్టిగా పైకి పదిసార్లు అని చూడండి, ఏడోసారికి గానీ మీ మాటలా వినిపించదు. 'మానేశాను' అనే మాట గొంతులో ఇరుక్కుంటే అక్కడే ఇంకా పని మిగిలి ఉందన్నమాట.

అడిగేవాడు పైఅధికారో, వయసులో పెద్దవారో అయితే మాటతీరు మారుతుంది. "నేను తీసుకోనండి, మానేశాను" అని నవ్వుతూ చెప్పొచ్చు, చేతిలో ముందుగానే ఇంకేదో గ్లాసు పట్టుకుని నిలబడొచ్చు. గౌరవం మాటలో చూపించండి, నిర్ణయంలో సడలించకండి.

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చా? 'యాంటిబయాటిక్స్ వాడుతున్నాను' లాంటివి?

అనుకోకుండా ఎదురైనవాళ్లకు, మళ్లీ కలవనివాళ్లకు చెప్పొచ్చు, ఏం నష్టం లేదు. వారం వారం కలిసేవాళ్లకు మాత్రం పనిచేయదు. ఎన్నాళ్లని వాడతారు యాంటిబయాటిక్స్?

రోల్ ప్లే అంటే నాటకం వేసినట్టుంది, సిగ్గేస్తోంది.

అందరికీ వేస్తుంది. కౌన్సెలర్లకూ మొదట్లో వేస్తుంది, పైకి చెప్పరంతే.

ఈత గురించి ఎంత చదివినా నీళ్లలో దిగితేనే వస్తుంది. రోల్ ప్లేలో ముందు కౌన్సెలర్ చేసి చూపిస్తారు, తర్వాత మీరు చేస్తారు, గ్రూపులో ఒకరు బలవంతపెట్టే స్నేహితుడి వేషం వేస్తారు. బాగా చేసిన ముక్కను ముందు చెప్పి, మార్చాల్సినది ఒక్కటే చెప్పి, మళ్లీ చేయిస్తారు. చూసి నేర్చుకోవడం, చేసి నమ్మకం తెచ్చుకోవడం అనే ఈ క్రమం వెనక ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పిన స్వీయ సామర్థ్యం అనే భావన ఉంది. నేను ఈ పని చేయగలను అన్న నమ్మకం ఉపన్యాసం వింటే కొంచెమే పెరుగుతుంది, ఒకసారి చేసి చూస్తే బాగా పెరుగుతుంది.

ఒక చిట్కా చెబుతాను. బలవంతపెట్టే పాత్ర మీరే వేయండి. మీ స్నేహితుడు వాడే మాటలు మీకే బాగా తెలుసు. ఆ పాత్రలో నిలబడి చూస్తే ఏ జవాబుకి అతను ఆగిపోతాడో, ఏ జవాబుకి ఇంకా రెచ్చిపోతాడో లోపలి నుంచి తెలుస్తుంది.

పాత స్నేహితులందరినీ వదిలేయాలా?

అందరినీ అక్కర్లేదు. కొందరిని మాత్రం తప్పదు. అలా కాదని మిమ్మల్ని ఓదార్చడం నాకు ఇష్టం లేదు.

కాగితం మీద పేర్లు రాయండి. కలిస్తే తాగుడు తప్ప వేరే మాట లేనివాళ్లు, అమ్మేవాళ్లు, తెచ్చిపెట్టేవాళ్లు ఒకవైపు. తాగినా మీరు మానేశారంటే గౌరవించేవాళ్లు మధ్యలో. అసలు ముట్టనివాళ్లు, మానేసినవాళ్లు ఇంకోవైపు. మొదటి వరుస పొడుగ్గా, చివరిది దాదాపు ఖాళీగా ఉంటుంది. కంగారుపడకండి, చాలామంది కాగితం అలాగే ఉంటుంది. మధ్య వరుసవాళ్లను తాగే వేళల్లో, తాగే చోట్లలో కాకుండా వేరే చోట కలవడం మొదలుపెట్టొచ్చు.

అసలు పని మూడో వరుసను నింపడం. ఎంత బాగా వద్దనడం వచ్చినా రోజుకి ఇరవైసార్లు అనాల్సి వస్తే ఎవరైనా అలిసిపోతారు, అందుకే ఆ మాట అనాల్సిన అవసరమే తగ్గించుకోవాలి. మార్క్ లిట్, కాడెన్ బృందం ఔట్‌పేషెంట్ చికిత్సలో ఉన్నవారికి తమ చుట్టూ ఉన్న మనుషులను మార్చుకోవడంలో సాయం చేసి, 2009లో ఫలితాలు ప్రచురించింది. తాగని మనిషి ఒక్కరు పరిచయస్తుల్లో కొత్తగా చేరినా, మరుసటి ఏడాది తాగకుండా ఉండే అవకాశం 27 శాతం పెరిగిందని అందులో తేలింది. ఒక్కరు చాలు, పదిమంది అక్కర్లేదు.

ఆ ఒక్కరు ఎక్కడ దొరుకుతారు? 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్, 1953 నాటి నార్కోటిక్స్ అనానిమస్ సమావేశాలు ఒక దారి. మానాలనుకునేవారు, మానేసినవారు ఒకరికొకరు తోడుగా కలిసే చోట్లవి, దైవం ప్రస్తావన ఉన్న పన్నెండు మెట్ల పద్ధతిలో నడుస్తాయి. దైవం ప్రస్తావన నచ్చనివారికి స్మార్ట్ రికవరీ లాంటివి ఉన్నాయి. ఆటలు, సంగీతం, వాలంటీర్ పని, మధ్యలో వదిలేసిన చదువు, ఏదైనా సరే. మొదటి నెల అక్కడ ఊరికే నిలబడతారు, ఎవరితోనూ మాట కలవదు. దాన్ని చూసి ఇది నాకు కాదు అనుకోకండి. పరిచయం మొదలుపెట్టడం, ఎదుటివాళ్లు చెప్పింది విని అందులోంచే ఇంకో ప్రశ్న వేయడం, ఎప్పుడు ముగించాలో తెలుసుకోవడం కూడా గ్రూపులో సాధన చేసేవే.

ఇంట్లో గొడవైతే చాలు, కాళ్లు అటే వెళ్తాయి. ఏం చేయాలి?

గొడవ రాకుండా చూడటం ఎవరి చేతుల్లోనూ లేదు. గొడవ మొదలైన తొలి రెండు నిమిషాలు మాత్రం మీ చేతుల్లో ఉంటాయి.

మానేసి ఆరు వారాలైన మనిషి ఒకరోజు ఆలస్యంగా ఇంటికొచ్చాడు. నిజంగానే పని వల్ల ఆలస్యమైంది. గుమ్మంలోనే భార్య అడిగింది: "మళ్లీ తాగొచ్చారా?" ఆరు వారాలు పళ్లు బిగించి మానేసినవాడికి ఈ మాట ఎంత మంట పుట్టిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. "నువ్వెప్పుడూ ఇంతే, నీకెలాగూ నమ్మకం లేదు, తాగినా ఒకటే తాగకపోయినా ఒకటే" అని చెప్పులు తొడుక్కుని బయటికి నడుస్తాడు. ఆ చివరి ముక్క గమనించండి. తాగడానికి కావాల్సిన అనుమతి తనకు తానే అక్కడ రాసుకున్నాడు.

విమర్శను తీసుకోవడంలో సాధన చేయించేది ఇదీ: అందులో నిజమైన ముక్క ఏదో పట్టుకుని దాన్ని ఒప్పుకోవడం, నిజం కానిది ఒక్క వాక్యంలో చెప్పడం, అవతలివారి భయాన్ని గుర్తించడం. "ఆలస్యమైంది, ఫోన్ చేయాల్సింది, చేయలేదు. తాగలేదు. నీకు అనుమానం రావడంలో వింతేమీ లేదు." ఇంతే. ఇది ఓడిపోవడంలా అనిపిస్తుంది, మగవాళ్లకు మరీను. నా ఉద్దేశంలో శిక్షణ మొత్తంలో కష్టమైనది ఇదే, వద్దనడం కంటే కష్టం.

మీరు ఫిర్యాదు చేయాల్సి వచ్చినప్పుడు 'నువ్వు ఎప్పుడూ', 'నువ్వు ఏనాడూ' అని మొదలుపెట్టకండి. ఏం జరిగింది, మీకేమనిపించింది, ఏం కావాలి అన్న వరుసలో చెప్పండి. "నిన్న అందరి ముందు నా పాత సంగతి ఎత్తావు. తల కొట్టేసినట్టయింది. అలాంటివి మనిద్దరమే ఉన్నప్పుడు మాట్లాడుకుందాం." కోపం మరీ ఎక్కువగా ఉంటే ఆగడం మంచిది, కాకపోతే ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి వెళ్లండి: "అరగంట నడిచొస్తాను, వచ్చాక మాట్లాడదాం." చెప్పకుండా బయటికి వెళ్తే ఇంట్లోవాళ్ల మనసు ఎక్కడికి పరిగెడుతుందో మీకు తెలుసు.

మేం ఇంట్లోవాళ్లం. మేం ఎలా మాట్లాడాలి?

నిఘా తగ్గించి, చూసిన మంచిని పైకి చెప్పండి. 'పర్వాలేదే, పది రోజులైంది' అనేదాంట్లో మెచ్చుకోలుతో పాటు ఒక దెప్పు కూడా ఉంది. 'ఈ పది రోజులూ సాయంత్రాలు ఇంట్లో ఉంటున్నావు, బాగుంది' అనేదాంట్లో లేదు. మత్తులో ఉన్న మనిషితో ఏదీ తేల్చుకోవడానికి కూర్చోకండి, పొద్దున మాట్లాడండి. చెయ్యి చేసుకునే మనిషైతే మాత్రం మీ భద్రతే ముందు, మాట నేర్పు సంగతి తర్వాత.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకున్నాక తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడ పుడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. దాన్ని తెలియకుండా తిండిలో కలిపి పెట్టే ఇళ్లున్నాయి. అది ప్రమాదం, పైగా మిగిలిన కాస్త నమ్మకాన్నీ చంపేస్తుంది. అదే మాత్రను డాక్టర్ సలహాతో, ఇద్దరూ ఒప్పుకుని, రోజూ ఒకే వేళకు భాగస్వామి ఎదురుగా వేసుకునే పద్ధతిని నేథన్ అజ్రిన్ బృందం 1982లో ఔట్‌పేషెంట్లతో పరీక్షించింది. జీవిత భాగస్వామి ఉన్నవారికి ఆ ఏర్పాటే చాలావరకు సరిపోయింది. ఒంటరిగా ఉంటున్నవారికి సరిపోలేదు, వారికి స్నేహాలు, ఉద్యోగం, మాట్లాడే నేర్పు అన్నీ కలిపి ఇచ్చిన చికిత్స కావాల్సి వచ్చింది. మాత్ర అదే, పక్కన మనిషి ఉండటం లేకపోవడంలోనే తేడా.

మానేసినప్పటి నుంచీ అందరూ నన్ను కోపంగా చూస్తున్నట్టే ఉంది. నిజమా, నా భ్రమా?

కొంత నిజం కావచ్చు. కొంత మెదడు తప్పుగా చదవడం. తాగుడు జబ్బు ఉన్నవారిలో ఇటీవలే మానేసినవారికి ముఖాల ఫొటోలు చూపించి ఏ భావం ఉందో, ఎంత ఉందో అడిగిన పరిశోధనలున్నాయి. బెల్జియంలో పియర్ ఫిలిపో, షార్ల్ కార్నీష్ 1999 ప్రాంతం నుంచి చేసినవి వాటిలో ముఖ్యమైనవి. ముఖంలో ఉన్నదానికంటే ఎక్కువ తీవ్రతను చూడటం, భావాలను పొరబడటం వీరిలో కనిపించింది. తాము పొరబడుతున్నామన్న సంగతి వారికి తెలియలేదు కూడా. కాబట్టి కొన్నాళ్లపాటు మొహం చూసి తీర్మానించుకోకండి. "ఏమైనా ఇబ్బందిగా ఉందా?" అని అడిగేయండి.

నలుగురిలోకి వెళ్లాలంటేనే భయం. ముందు ఆ భయం పోగొట్టుకోనా, తాగుడు మానేయనా?

సోషల్ యాంగ్జయిటీ ఉన్న చాలామందిలో భయం ముందొచ్చింది, తాగుడు తర్వాతొచ్చింది. కాబట్టి రెండింటికీ ఒకేసారి చికిత్స చేస్తే రెండూ పోతాయనిపిస్తుంది. కారీ రాండల్ బృందం 2001లో 93 మందితో ఇదే పరీక్షించింది. ఫలితం తలకిందులైంది. రెండింటికీ చికిత్స తీసుకున్నవారి తాగుడు, తాగుడుకే చికిత్స తీసుకున్నవారికంటే ఎక్కువగా ఉంది. భయం పోగొట్టే సాధనలో భాగంగా భయపడే చోట్లకు వెళ్లమన్నప్పుడు, ఆ భయాన్ని తట్టుకోవడానికి పాత మార్గమే పట్టుకుని ఉంటారని ఒక వివరణ.

దీన్నిబట్టి భయాన్ని వదిలేయమని కాదు. ఒక ఇబ్బందికరమైన చోటికి వెళ్లే ముందు వద్దనడం, మధ్యలో బయటపడటం రెండూ చేతనై ఉండాలి. భయం సంగతి డాక్టర్‌కి మొదటి రోజే చెప్పండి, ఏది ముందో ఏది తర్వాతో వారు చూస్తారు. పెద్ద గుంపుతో మొదలుపెట్టకండి, ఒక మనిషితో, ఒక పావుగంటతో మొదలుపెట్టండి.

గంజాయి, హెరాయిన్, మాత్రలు వాడినవారికీ ఇవే పద్ధతులా?

పద్ధతులు అవే, సన్నివేశాలు మారతాయి. తాగే స్నేహితుడిని ఒప్పిస్తే ఊరుకుంటాడేమో, అమ్మేవాడు ఊరుకోడు, అది అతని వ్యాపారం. అక్కడ నేర్పుగా మాట్లాడాల్సిన పనిలేదు. నంబర్ తీసేయడం, సిమ్ మార్చడం, దారి మార్చడమే నేర్పు. 'ఊరికే అటు వెళ్లొస్తా, అప్పు తీర్చొస్తా' లాంటి చిన్న చిన్న నిర్ణయాలే మనిషిని ఆ గుమ్మం దాకా తీసుకెళ్తాయి. మార్లట్ వీటిమీద ప్రత్యేకంగా రాశాడు. ఒక్కోటి విడిగా చూస్తే ఏ తప్పూ కనిపించదు.

హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లు వాడినవారు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఒకటి. కొన్ని వారాలు మానేస్తే శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది. పాత మోతాదే ఇప్పుడు శ్వాస ఆపేయగలదు. 'ఒక్కసారికి ఏం కాదు' అన్న మాట ఇక్కడ ప్రాణాలు తీస్తుంది. ఈ జబ్బుకే డాక్టర్ రాసే బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ వాడుతున్నవారిని 'ఒక మత్తు మాని ఇంకోటి పట్టావు' అనేవాళ్లుంటారు, ఒక్కోసారి సాటి గ్రూపు సభ్యులే అంటారు. "ఇది నా చికిత్స, డాక్టర్ చూసుకుంటున్నారు" అని చెప్పి ఊరుకోండి. ఆ మాట పడలేక మందు ఆపేయడం ఎంత ప్రమాదమో పైన చెప్పిందే.

ఆఫీసులో చెప్పాలా?

మీ ఇష్టం. చికిత్స వేళల కోసం అనుమతి కావాలంటే 'వైద్యం నడుస్తోంది' అన్న మాట చాలాచోట్ల సరిపోతుంది. డ్రైవింగ్, యంత్రాలు నడిపే ఉద్యోగమైతే మాత్రం ముందు డాక్టర్‌తో మాట్లాడి, ఆ సలహా ప్రకారం చేయండి.

నిన్న జారాను. ఇన్నాళ్లు నేర్చుకున్నదంతా వృథాయేనా?

కాదు. ముందు చేయాల్సింది సెషన్‌కి రావడం. సిగ్గుతో సెషన్ ఎగ్గొట్టడం వల్లే ఒక రాత్రి కాస్తా ఒక నెలవుతుంది. 'ఎలాగూ చెడిపోయాను' అనే ఆలోచన ఆ మొదటి గ్లాసుకంటే ఎక్కువ నష్టం చేస్తుందని మార్లట్ గట్టిగా వాదించాడు. మత్తు జబ్బుల్లో తిరగబెట్టడం 40 నుంచి 60 శాతం దాకా ఉంటుందని, రక్తపోటు, ఆస్తమాలాంటి దీర్ఘకాల జబ్బుల్లోనూ దాదాపు అలాగే ఉంటుందని చెబుతారు. బీపీ మళ్లీ పెరిగితే డాక్టర్ దగ్గరికెళ్లడానికి ఎవరూ సిగ్గుపడరు.

వచ్చాక ఆ సాయంత్రాన్ని వెనక్కి తిప్పి చూస్తాం. ఎవరున్నారు, ఏమన్నారు, మీరేమన్నారు, ఏ మాట దగ్గర దారి మళ్లింది. ఆ మాట దొరికితే వచ్చేవారం రోల్ ప్లే దాని మీదే.

ఈ శిక్షణ నిజంగా పనిచేస్తుందా, లేక కాలక్షేపమా?

పనిచేస్తుంది, అద్భుతాలు మాత్రం చేయదు. 1978లో ఎడ్మండ్ చేనీ, మార్లట్ బృందం ఆస్పత్రిలో చేరిన 40 మందితో చేసిన పరీక్షలో, శిక్షణ పొందినవారు ఏడాదిలో అసలు జారలేదని చెప్పలేం. జారినా తక్కువ రోజులకే, తక్కువ తాగుడుతోనే ఒడ్డెక్కారు. అమెరికాలో 1726 మందితో జరిగి 1997లో ఫలితాలు వచ్చిన ప్రాజెక్ట్ మ్యాచ్ మూడు చికిత్సలను పోల్చింది. 12 సెషన్ల నైపుణ్య శిక్షణ, 12 సెషన్ల పన్నెండు మెట్ల పద్ధతి, 4 సెషన్ల ప్రోత్సాహక చికిత్స. మూడింటిలోనూ జనం బాగా మెరుగయ్యారు, మూడింటి మధ్య తేడా మాత్రం పెద్దగా లేదు. అందుకే మా పద్ధతే గొప్ప అని ఎవరైనా చెబితే కాస్త అనుమానించండి. చుట్టూ తాగేవాళ్లే ఉన్న ఔట్‌పేషెంట్లకు మూడేళ్ల తర్వాత చూస్తే పన్నెండు మెట్ల పద్ధతి ప్రోత్సాహక చికిత్స కంటే కొంత మేలు చేసింది, ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో పాల్గొనడం దానికి కొంతవరకు కారణం.

కొకైన్ వాడినవారితో కాత్లీన్ కారోల్ చేసిన పరిశోధనలో ఇంకో ఆసక్తికరమైన సంగతి బయటపడింది. నైపుణ్యాలు నేర్పే చికిత్స పొందినవారు, చికిత్స ముగిసిన తర్వాతి ఏడాదిలో కూడా మెరుగవుతూనే ఉన్నారు. ఈత నేర్చుకున్నవాడు కోచ్ వెళ్లిపోయాక కూడా ఈదుతాడు కదా.

ఎన్నాళ్లు పడుతుంది?

మామూలుగా మూడు నెలలు, వారానికి ఒకటి రెండు సెషన్లు. తర్వాత నెలకోసారి. హోంవర్క్ చేయకపోతే మూడు నెలలైనా ఆరు నెలలైనా ఒకటే.

మా కౌన్సెలర్‌తోనే నాకు కుదరడం లేదు. ఏం చేయను?

రావడం మానేయకండి, చెప్పండి. "పోయినవారం మీరన్న మాట నాకు నచ్చలేదండి. నన్ను చిన్నపిల్లాడిలా చూసినట్టనిపించింది. అలా కాకుండా నేరుగా చెప్పండి" అని ఆ గదిలోనే, ఆ మనిషికే. ఏం జరిగింది, ఏమనిపించింది, ఏం కావాలి అన్న అదే వరుస. మంచి కౌన్సెలర్ అయితే ఆ రోజు మిగతా సెషన్ అంతా దాని మీదే నడుపుతారు. కాకపోతే కౌన్సెలర్‌ని మార్చమని కేంద్రంలో అడగండి. అది కూడా కళ్లలోకి చూస్తూ, 'లే' తగిలించకుండా.